అది నత్త కాదు

పదకొండు దాటింది. పడుకుందామంటే ఆ అట్టముక్కే కళ్ళ ముందు మెదులుతోంది.

మా చిన్నది నా షెల్ఫులోని గుల్లను స్కూల్ ఎగ్జిబిషన్‌కు పట్టుకుపోయింది. ఇవాళ పోయి చూస్తే దాని కింద అట్టముక్క మీద "నత్త గుల్ల, పెన్నా నది" అని ఉంది. రెండూ తప్పే. టీచరమ్మకు చెప్తే, "ఏదో ఒకటి లేమ్మా, పిల్లలకేం తెలుస్తుంది" అనింది. తెలియదు కాబట్టే కదా సరిగ్గా రాయాల్సింది! నత్తకు ఉండేది ఒకటే గుల్ల, మెలి తిరిగి ఉంటుంది. ఇది రెండు చిప్పలది. వీపు మీద వరసగా లావుపాటి గట్లు. ప్రొద్దుటూరులో మా షెల్ఫులో ఉన్నంత మాత్రాన పెన్నలో పుట్టినట్టా?

అది నాకు దొరికింది మేం కాకినాడలో ఉన్న ఏడాది. సముద్రం పాటు మీద ఉంది, కంటికి ఆనినంత మేర నల్లటి బురద. ఒక పక్క మడ చెట్లు. హోప్ ఐలాండ్ అడ్డం ఉంది కాబట్టి అక్కడ పెద్ద అలలు రావు, గోదారి తెచ్చిన ఒండ్రు మెత్తగా పేరుకుంటుంది. ఒక పెద్దాయన మోకాలి లోతు బురదలో చేతులతో తడిమి గుల్లలు తీస్తున్నాడు. ఒకటి కత్తితో తెరిస్తే ఎర్రగా కారింది. "అయ్యో, చెయ్యి తెగింది!" అని అరిచాను. "నాది కాదమ్మా, దాని రక్తమే" అన్నాడు. బ్లడ్ క్లామ్ అంటారని తర్వాత చదివాను. చాలా గుల్లలకు ఎర్ర రక్తం ఉండదు. దీనికి మాత్రం మనకు మాదిరే హిమోగ్లోబిన్ ఉంది, ఆక్సిజన్ తక్కువుండే బురదలో అదే ఆదుకుంటుంది. నీళ్ళు పీల్చుకునేందుకు పైకి చాచే గొట్టాలు లేవు, అందుకే లోతుకు పోకుండా బురద పైపైనే ఉంటుంది. ఆయన ఇచ్చిన ఖాళీ గుల్లే ఇది.

రేపు టీచరమ్మను గట్టిగా అడగాలనుకుంటూనే ఇంతదాకా రాశాను. కాళ్ళ కింద నాపరాయి చల్లగా తగిలేసరికి వేరే సంగతి గుర్తొచ్చింది. ఈ బండల్లో కూడా గుల్లలుంటాయా అని చిన్నది ఒకసారి అడిగింది. పొయ్యి దగ్గర పనిలో ఉండి "ఆ, ఉంటాయిలే" అనేశాను. ఉండవు. మా కడప నాపరాయి ఇలాంటి రెండు చిప్పల జీవులు భూమ్మీదికి రాకముందుది. నేనూ ఏదో ఒకటి లే అనే కదా చెప్పాను.

ఎగ్జిబిషన్‌కు వచ్చినోళ్ళందరికీ ఆ ఎర్ర రక్తం కథ చిన్నదే చెప్పిందంట. అది బాగుంది.

కొత్త అట్ట రాసి దాని బ్యాగులో పెట్టాను: "బ్లడ్ క్లామ్. రెండు చిప్పల జీవి. ఉప్పునీటి బురదలో ఉంటుంది. కాకినాడ." పొద్దున జడ వేసేటప్పుడు ముందు బండల సంగతి చెప్పాలి.