మోకాలి గుజ్జుకు కణాలు ఎక్కడి నుంచి తేవాలి?

మోకాలిలో గుజ్జు అరిగిందని మనం చెప్పుకునేది, ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి గురించే. దానిలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. దానిని తయారుచేసే కాండ్రోసైట్లనే కణాలు కూడా బహు కొద్ది. అందుకే ఒకసారి గుంట పడితే అది తనంతట తాను సరిగా పూడదు. బయటి నుంచి కణాలు అందించాలనుకున్నప్పుడు, అవి ఎక్కడ సులువుగా దొరుకుతాయన్న దానికంటే, కీలులో చేరాక ఏమవుతాయన్నదే ముందు చూడాలని నా అభిప్రాయం.

1994లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు, 23 మందికి వారి మోకాలి నుంచే చిన్న ముక్క తీసి, అందులోని కణాలను పెంచి తిరిగి అమర్చిన ఫలితాలను ప్రచురించారు. సొంత కణాలకు మించినవి ఉండవనిపిస్తుంది గానీ, చిక్కంతా పెంపకంలోనే ఉంది. పాత్ర అడుగున పరుచుకుని విభజన చెందుతున్నకొద్దీ, గుండ్రని కణాలు సాగిపోయి, మృదులాస్థికి ఆధారమైన రెండో రకం కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను తగ్గించి, మచ్చల్లో కనిపించే ఒకటో రకాన్ని తయారుచేయసాగుతాయి. పైగా ఆ ముక్క కోసం బాగున్న చోటును గాయపరచక తప్పదు.

ఎముక మజ్జలోని మూలకణాలతో, అంటే వేరే రకం కణాలుగా మారగల కణాలతో, ఆ గాయం తప్పుతుంది. అయితే అవి మృదులాస్థి దగ్గర ఆగకుండా, ఉబ్బి, పదో రకం కొల్లాజెన్‌ను చేస్తూ ఎముకగా మారే దారి పట్టవచ్చు. గర్భంలో పొడవాటి ఎముకలు ఏర్పడేది ఈ దారిలోనే. కొవ్వులో కణాలు సమృద్ధిగా ఉన్నా, ప్రయోగశాలలో వాటి పనితనం తక్కువే. 2005లో టోక్యో పరిశోధకులు మజ్జ, కొవ్వు, కండరం, ఎముక పైపొర, కీలు లోపలి సైనోవియం పొర నుంచి తీసిన కణాలను పోల్చినప్పుడు, మృదులాస్థిని తయారుచేయడంలో సైనోవియమే ముందు నిలిచింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ముక్కు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ బృందం ముక్కు నడిమి గోడ నుంచి 6 మిల్లీమీటర్ల ముక్క తీసి, కణాలను పెంచి, పలుచని మృదులాస్థి పలకగా తయారుచేసి, 10 మంది మోకాళ్లలో అమర్చి, 2016లో ఫలితాలను వెల్లడించింది. మోకాలి కణాల పుట్టుక వేరు, ముక్కు కణాల పుట్టుక వేరు. అయినా ఇవి కొత్త చోటికి తగ్గట్టు ఒదుగుతున్నాయని, వయసు పైబడినవారి నుంచి తీసినా బాగానే పనిచేస్తున్నాయని తేలడం నాకు గొప్ప విషయంగా తోస్తుంది.

అయితే బాసెల్ బృందానిది ప్రధానంగా భద్రతను పరీక్షించిన, పోల్చి చూసేందుకు వేరే చికిత్స బృందం లేని చిన్న ప్రయోగం. అందులో చేరినవారంతా దెబ్బ తగిలి ఒకచోట గుంట పడినవారే గానీ, మన ఇళ్లలోని పెద్దవారిలా కీలంతా అరిగినవారు కారు. కాబట్టి కొవ్వు కణాల ఇంజెక్షన్‌తో అరిగిన గుజ్జంతా తిరిగి మొలుస్తుందని ఎవరైనా హామీ ఇస్తే, ఏ కణాలు, ఎలా పెంచినవి, ఎలాంటి కీలులో పరీక్షించినవి అని అడిగాకే డబ్బు కట్టండి.