పలాస జీడి ఫ్యాక్టరీలో సర్వర్ మార్చిన కథ

మాది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ. మాది అంటే మా బాబాయ్‌ది. నేను ఆఫీసు చూసుకుంటాను. బిల్లులు, స్టాకు, జీతాలు, వాటిపైన కంప్యూటర్లకి ఏ రోగం వచ్చినా నా నెత్తినే. సర్వర్ రూమ్ అంటే పెద్దగా ఊహించుకోకండి, మెట్ల కింద చిన్న గది, అందులో రెండు సర్వర్లు (ఆఫీసులో అందరూ వాడుకునే డేటా ఉండే కంప్యూటర్లు), ఒక యూపీఎస్సు, పగలూ రాత్రీ 18లో నడిచే ఒకటిన్నర టన్నుల ఏసీ. పెద్ద సర్వర్ 2013లో కొన్నది, దాంట్లో ట్యాలీ, అంటే మా లెక్కల సాఫ్ట్‌వేరు. రెండోది ఇంకా పాతది, దాంట్లో హాజరు సాఫ్ట్‌వేరు, పాత బిల్లింగు. (జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్లకి జీడి నూనె తగిలి వేళ్ల చర్మం ఊడిపోతుంది, వేలిముద్రలు పడవు. అందుకే మొహం చూసే మెషిన్ పెట్టాం.)

ప్రతి నెలా పదో తారీఖు సాయంత్రం నరకం. పదకొండుకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) వేయాలి కదా, ఆ రోజు ఆరుగురూ ఒకేసారి ట్యాలీలో కూర్చుంటే స్టాక్ సమ్మరీ రావడానికి నాలుగు నిమిషాలు. టీ తాగి వచ్చేవాళ్లం, అప్పటికీ తిరుగుతూనే ఉండేది. దానికి తోడు అందులో ఉన్నది విండోస్ సర్వర్ 2012 ఆర్2, దానికి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 అక్టోబరు 10తో ఆగిపోయాయి. ఇంక లాగలేం అని బాబాయ్‌కి చెప్పాను.

మామూలుగా మాకు సరుకు ఇచ్చే అతనికి ఫోన్ చేస్తే కొటేషన్ పంపాడు. రెండు ప్రాసెసర్లు, ఒక్కోదానికి 16 కోర్లు (లోపల పని చేసే భాగాలు), 128 జీబీ ర్యామ్. ధర చూసి బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఏట్రా ఇది, సర్వరా, విమానమా? దీని రేటుకి ఎన్ని బస్తాల పిక్కలొస్తాయో తెలుసా నీకు?" అన్నాడు. మా దగ్గర దేన్నయినా 80 కిలోల బస్తాల్లోనే కొలుస్తాం మరి.

ఆయన తిట్టడమే మంచిదైంది. అసలు మనకి ఏది తక్కువైందో చూద్దామని ఆ నెల పదో తారీఖున ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపించే రిసోర్స్ మానిటర్ తెరిచి కూర్చున్నాను. అందరూ గోల పెడుతున్న టైములో ప్రాసెసర్ 9 శాతం దాటలేదు. డిస్కు మాత్రం 100 దగ్గర అంటుకుపోయింది. పాత తిరిగే డిస్కులు నాలుగు, రెయిడ్ 5లో (ఒకటి పాడైనా డేటా పోకుండా కలిపి వాడే పద్ధతి) ఉన్నాయి, ట్యాలీ ఏమో అక్కడో ముక్క ఇక్కడో ముక్క చిన్నచిన్నగా చదువుతూ రాస్తూ ఉంటుంది, అలాంటి పనికి ఆ డిస్కులు ఎప్పటికీ అందుకోలేవు. 32 కోర్లు కొన్నా తిరిగే డిస్కులే పెట్టుకుంటే మళ్లీ అదే టీ, అదే నాలుగు నిమిషాలు.

తర్వాత కరెంటు. ప్లగ్గులో పెట్టే మీటరు ఒకటి కొని వారం రోజులు ఒక్కో సర్వర్‌కీ పెట్టాను. పెద్దది సగటున 210 వాట్లు, చిన్నది 140. రెండూ కలిపి 350 అంటే ఏముందిలే అనిపిస్తుంది, కానీ ఏడాదికి 8,760 గంటలు, అవి ఒక్క నిమిషం ఆగవు. లెక్క కడితే 3,066 యూనిట్లు. ఏసీకి ఎలక్ట్రీషియన్ చేత సబ్ మీటర్ పెట్టిస్తే రోజుకి 12 యూనిట్లు, అంటే సర్వర్ల కంటే వాటిని చల్లబరిచేదే ఎక్కువ తాగుతోంది.

పెద్ద సర్వర్ మూత తీసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ప్రాసెసర్ మీద ఉండే హీట్ సింకు రేకుల మధ్య ఎర్రటి మెత్తటి పొడి, దిండులో దూది కుక్కినట్టు కుక్కుకుపోయింది. జీడిపప్పు పొట్టు! పీలింగ్ షెడ్డు నుంచి గాలికి వచ్చి పదేళ్లుగా చేరింది. ఫ్యాన్లు అంత అరుస్తున్నది దీని వల్లే. బ్లోయర్ పెడితే గదంతా ఎర్రగా అయిపోయింది, నేను తుమ్ముతూ బయటికి పరిగెత్తాను. దులిపిన తర్వాత మీటరు చూస్తే 15 వాట్లు తగ్గాయి, రూపాయి ఖర్చు లేకుండా.

చివరికి కొన్నది ఒకే ప్రాసెసర్, 8 కోర్లు, 64 జీబీ ఈసీసీ ర్యామ్ (చిన్న తప్పులు తనే సరిదిద్దుకునే రకం), సర్వర్లకని చేసిన ఎస్‌ఎస్‌డీలు (తిరిగే భాగాల్లేని డిస్కులు) రెండు, ఒకదానికి ఇంకొకటి నకలుగా రెయిడ్ 1లో. కోర్లు తక్కువ తీసుకోవడానికి ఇంకో కారణం లైసెన్సు. విండోస్ సర్వర్ స్టాండర్డ్‌కి కోర్లను బట్టి డబ్బు, మనకి 8 ఉన్నా కనీసం 16కి కట్టాల్సిందే, 32 ఉంటే రెట్టింపు. ఆ కొటేషన్ అతను ఇది చెప్పనేలేదు. ఒక లైసెన్సు మీద రెండు వర్చువల్ మెషిన్లు (ఒకే పెట్టెలో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) నడుపుకోవచ్చు, కాబట్టి వాటిని నడిపే హైపర్-వీ పెట్టి ట్యాలీ ఒకదాంట్లో, హాజరు ఇంకోదాంట్లో వేశాను. రెండు పెట్టెలు ఒకటయ్యాయి. రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే తమ సీటు నుంచే సర్వర్ తెర తెరిచి, పని చేసేవాళ్లకి తలకో లైసెన్సు వేరే, అది మర్చిపోతే తర్వాత ఏడుస్తారు.

మార్చింది ఆదివారం రాత్రి. ఇక్కడే నా ప్రాణం పోయింది. రోజూ బ్యాకప్ అయినట్టు పచ్చ టిక్కు చూసి ధైర్యంగా ఉన్నాను కదా, తీరా కొత్తదాంట్లో రిస్టోర్ చేసి చూస్తే మార్చి 31 దాకానే డేటా ఉంది! ఏప్రిల్ ఒకటిన కొత్త సంవత్సరానికి ట్యాలీలో కంపెనీ లెక్కలు విడగొట్టి వేరే ఫోల్డర్‌లో పెట్టింది నేనే. బ్యాకప్ మాత్రం పాత ఫోల్డర్‌నే నమ్మకంగా రోజూ కాపీ కొడుతోంది. పాత సర్వర్ ఇంకా ఆన్‌లో ఉంది కాబట్టి బతికిపోయాను. అందుకే పాతదాన్ని ఇంకో నెల చెరపకుండా ఉంచాను.

సోమవారం పొద్దున్న ఇంకో దెబ్బ. లారీలు తూచే వేబ్రిడ్జి కాటా పని చేయలేదు, గేటు దగ్గర పిక్కల లారీలు రెండు నిలబడ్డాయి. కాటా సాఫ్ట్‌వేరు పాత సీరియల్ పోర్టు (కాటా వైరు తగిలించే పాతకాలం సాకెట్టు) మీద బతుకుతుంది, హైపర్-వీలో వర్చువల్ మెషిన్‌కి ఆ పోర్టు అందదు. నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మూలన పడున్న చిన్న డెస్క్‌టాప్ తెచ్చి కాటా దగ్గరే పెట్టేశాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. లారీ డ్రైవర్ మాత్రం "ఏటి బాబూ, కంప్యూటర్ వచ్చినాక తూకమే ఆగిపోయింది" అని ఊరంతా చెప్పాడు.

ఇప్పుడు స్టాక్ సమ్మరీ పదిహేను సెకన్లలో వస్తుంది. కొత్త సర్వర్ మొదట 95 వాట్లు లాగింది, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే మూల సాఫ్ట్‌వేరు) పవర్ సెట్టింగు గరిష్ఠ పనితీరు మీద ఉంది, దాన్ని బ్యాలెన్స్‌డ్‌కి మార్చితే 75కి దిగింది, ట్యాలీలో తేడా ఏమీ కనబడలేదు. ఏసీ 26కి పెట్టాను. సర్వర్‌కి లోపలికి వెళ్లే గాలి 27 దాకా ఉన్నా పర్వాలేదు, 18 మన భయం అంతే. ఏసీ రోజుకి 5 యూనిట్లకి వచ్చింది. గది తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ కొట్టించి, కిటికీకి ఫిల్టర్ గుడ్డ కట్టించాను, పొట్టు రాకుండా.

మొత్తం ఏడాదికి దాదాపు 4,900 యూనిట్లు మిగులుతాయి. మాకు అన్నీ కలిపి యూనిట్‌కి పది రూపాయల దాకా పడుతుంది, అంటే యాభై వేలకి కాస్త తక్కువ. లైసెన్సులు కలిపితే కరెంటు ఒక్కదానితోనే పెట్టిన డబ్బు రావడానికి ఏడేళ్లు పైనే పడుతుంది, ఈ మాట ఎవరూ ముందు చెప్పరు. నాకు గిట్టింది యూపీఎస్ దగ్గర. పాత లోడుకి నలభై నిమిషాలు వచ్చేది, ఇప్పుడు రెండు గంటలు దాటుతోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక జనరేటర్‌కి డీజిల్ మోసినవాణ్ణి, ఆ గంటల విలువ నాకు తెలుసు.

ప్లగ్ మీటరు ఇప్పుడు ఆఫీసులో లేదు. బాబాయ్ ఇంటికి పట్టుకెళ్లి పాత ఫ్రిజ్‌కి పెట్టాడు, రోజూ రాత్రి ఫోన్ చేసి నాకు రీడింగు చదువుతున్నాడు.