కప్ప కాలివేళ్ల నడుమ ఒక మధ్యాహ్నం

ఎమ్మెస్సీ జంతుశాస్త్రం మొదటి సంవత్సరంలో, వాల్తేరు మెట్ట మీద ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, శరీరధర్మశాస్త్ర ప్రాక్టికల్స్‌లో చూసిన దృశ్యం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. మత్తు ఇచ్చిన కప్పను తడి దూది మీద పడుకోబెట్టి, వెనుక కాలివేళ్ల మధ్యనుండే పలుచటి చర్మాన్ని చిల్లున్న పలక మీద పరచి, మేష్టారు మమ్మల్ని ఒక్కొక్కరినే సూక్ష్మదర్శిని దగ్గరకు పిలిచారు. కోడిగుడ్డు ఆకారంలో, నడుమ కేంద్రకంతో ఉన్న ఎర్ర రక్తకణాలు అతి సన్నటి రక్తనాళాలైన కేశనాళికల మలుపుల్లో ఒదిగి, వంగి, ఒకదాని వెంట ఒకటి సాగిపోతున్నాయి. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ కేశనాళికలను మొదటిసారి చూసింది కూడా కప్పలోనే, దాని ఊపిరితిత్తుల్లో.

మేష్టారు ఆ చర్మం మీద, భయం కలిగినప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్ అయిన అడ్రినలిన్‌ను ఒక చుక్క వేశారు. నేను చూస్తూండగానే ధమనిక, అంటే సన్నటి ధమని కొమ్మ, ఇంకా సన్నబడింది, కణాల పరుగు నెమ్మదించింది, ఒక కొమ్మలో పూర్తిగా ఆగిపోయింది. రింగర్ ద్రావణమనే ఉప్పునీటితో కడిగాక, కొంతసేపటికి మళ్లీ కదలిక మొదలైంది. పక్క బల్ల మీద, కదలికలను గీతలుగా నమోదు చేసే, పొగ పట్టించిన కైమోగ్రాఫ్ డ్రమ్ముకు కలిపిన కప్ప గుండె మాత్రం అదే అడ్రినలిన్‌తో మరింత బలంగా, మరింత వేగంగా కొట్టుకుంది. "మందు ఒకటే కదా, మరి ఫలితం రెండు రకాలుగా ఎందుకుంది?" అని మేష్టారు అడిగారు. మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

జవాబు హార్మోన్‌లో లేదు, దాన్ని అందుకునే గ్రాహకంలో ఉంది. అడ్రినలిన్‌కు ఆల్ఫా, బీటా అని రెండు రకాల గ్రాహకాలున్నాయని 1948లో అమెరికా శాస్త్రవేత్త ఆల్‌క్విస్ట్ ప్రతిపాదించాడు. రక్తనాళాన్ని బిగించేది ఆల్ఫా, గుండెను ఉరికించేది బీటా.

ఆ ప్రశ్న వెంటే వెళ్లిన నాకు అన్నిటికంటే అపురూపంగా తోచింది వాసోటోసిన్ అనే హార్మోన్. మన ఒంట్లో నీటిని కాపాడే వాసోప్రెస్సిన్ చేసే పనిని కప్పలో చేసేది ఇదే. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసులో మూడవ స్థానంలో ఫినైల్ అలనిన్‌కు బదులు ఐసోల్యూసిన్ ఉండటమొక్కటే తేడా. ఒంట్లో నీరు తగ్గినప్పుడు పీయూషగ్రంథి వెనుక భాగం నుంచి విడుదలైన ఈ హార్మోన్, రక్తనాళాల నునుపు కండర కణాల మీదనున్న వి1 తరహా గ్రాహకాలకు అతుక్కుని, కణాల్లో కాల్షియం పెంచి, నాళాలను ముడుచుకునేలా చేస్తుంది. మూత్రపిండంలో రక్తాన్ని వడపోతకు తీసుకెళ్లే ధమనికలు అలా సన్నబడటంతో మూత్రం తగ్గిపోతుంది. అదే వాసోటోసిన్ మూత్రాశయం మీద, పొట్ట కింది చర్మం మీద ఉండే వి2 తరహా గ్రాహకాలను తాకినప్పుడు మాత్రం కణం లోపల సంకేతాన్ని మోసే సైక్లిక్ ఏఎంపీ పెరిగి, ఆక్వాపోరిన్లనే నీటి దారులు కణాల పై పొరకు చేరి, నీరు లోపలికి వస్తుంది. ఒక చోట తలుపు మూసే చెయ్యే మరో చోట తలుపు తెరుస్తోందన్నమాట. రెండూ నీటిని కాపాడుకోవడానికే.

ఇప్పుడు తరగతుల్లో కప్పలను కోయడం లేదు, అది మంచిదే అని నా నమ్మకం. తొలకరి పడ్డ సాయంత్రం మా ఇంటి గుమ్మం ముందు తడి గచ్చు మీదకు ఒక కప్ప వచ్చి, తొడలు వెడల్పు చేసి పొట్ట కిందిభాగాన్ని నేలకు అదిమి, చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది. అది నోటితో తాగదు. రక్తనాళాలు దట్టంగా అల్లుకున్న ఆ చర్మంతోనే నీళ్లు తాగుతోందని మా మనవరాలికి మెల్లగా చెబుతాను.