గట్టు మీద పడేసిన మొక్కలు

రాత్రి పదకొండున్నర. పొద్దున గట్టు మీద చూసిన ఆ మొక్కలే కళ్లల్లో మెదులుతున్నాయి, నిద్ర రావట్లేదు.

ఆదివారం కదా, నర్సంపేట పోయాం. మా మిరప తోటలో ఆకుముడత తెచ్చే జెమిని వైరస్ కనబడిందని మామయ్య పోయిన వారమే ఫోన్‌లో అన్నారు. పది సాళ్లు ఎంచుకుని, సాలుకు పది మొక్కల చొప్పున చూశాను. వందకు 12. ఆకు ముడుచుకుపోయి, ఈనెలు ఉబ్బి, చెట్టు గిడసబారింది. వాటికి ఇక పూత నిలవదు.

నన్ను కాల్చింది అది కాదు. పక్క తోట పెద్దమామ వాళ్లది. వాళ్లూ వైరస్ మొక్కలు పీకారు, మంచిదే. పీకి, మన్ను దులిపి, మా గట్టు మీద కుప్పేశారు. ఒకదాన్ని కదిలిస్తే ఆకుల అడుగు నుంచి తెల్లదోమ బియ్యప్పిండి ఊదినట్టు లేచింది. లేచి ఎటు పోతుంది? వాడిపోతున్న మొక్కను వదిలి పచ్చటిదాన్ని వెతుక్కుంటుంది. ఆ పచ్చటిది మాదే. వైరస్ ఒకసారి ఒంట్లోకి పోతే తెల్లదోమ దాన్ని రోజుల తరబడి మోస్తూనే ఉంటుంది. ఒక్క బస్తా చాలు! మొక్క మీద బస్తా తొడిగి, అందులోనే పీకి, మూతి కట్టి గుంతలో పూడ్చాలి. ఎంతసేపు పని? అడిగితే పెద్దమామ "ఎండకు ఎండుతయి తీ బిడ్డా" అన్నారు. పెద్దాయన, ఎదురు చెప్పలేను. నోరు మూసుకుని వచ్చాను గానీ, ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మనవన్నా ఇవాళే పీకిద్దాం అన్నాను మామయ్యతో. ఆయన నా నోట్‌బుక్ వైపు చూసి "కనబడ్డయి పీకుతం బిడ్డా. ముడత ఇంకా రానియి ఎన్నున్నయో నీ లెక్కకు ఎరుకేనా?" అన్నారు. పని తప్పించుకునే మాటలా అనిపించింది నాకు.

2021 చివర్లో కూడా ఆయన ఇలాగే మాట్లాడారు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు. అది వైరస్ కాదు, పురుగే నేరుగా పూతలో దూరి తినేసింది. ఒక పువ్వు తెంపి, నా టిఫిన్ డబ్బా స్టీలు మూత మీద తట్టి చూపించారు. నల్లగా, ఆవగింజలో పావు వంతు కూడా లేవు, మూత నిండా పరుగులు. "ఇయ్యాల కనబడ్డయంటే ఎప్పుడో వచ్చినయి" అన్నారు. మందుల దుకాణం ఆయన మూడు సీసాలు కలిపి కొట్టమన్నాడు, కొట్టాం. వారం తిరగకుండా ఇంకో మూడు. అప్పుడు రాసిన అప్పు ఈ మధ్యే తీరింది. చివరికి రెండెకరాలూ ట్రాక్టరుతో దున్నించారు. ఆ రోజు మామయ్య తోట వైపు వీపు పెట్టి, మోటరు గది దగ్గర నిలబడ్డారు. నేను చాయ్ పట్టుకుపోతే గ్లాసు తీసుకున్నారు గానీ తాగలేదు. చాయ్ మీద మీగడ కట్టింది. ఆ మీగడ నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంటికొచ్చాక ఆయన ప్రశ్ననే లెక్కలో పెట్టాను. ఈ లెక్కకు మూలం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది అక్కడే. తర్వాత లెక్క కట్టి చెప్పిందీ ఆయనే: దోమలన్నిటినీ చంపక్కర్లేదు, ఒక హద్దు కిందికి తెస్తే జబ్బు నిలవలేదు. పైర్ల వైరస్‌లకు కట్టే సమీకరణాలదీ అదే దారి. మనిషి చోట మొక్క ఉంటుంది, దోమ చోట తెల్లదోమ.

అంకెలు నేను అనుకున్నవే. జబ్బు మొక్క ఒకటి పది రోజులకు ఒక కొత్త మొక్కకు అంటిస్తుందనుకుందాం. 120 రోజులు తోటలో వదిలేస్తే 12. ముడత కనబడటానికి 15 రోజులు పడుతుందనుకుని, కనబడిన రోజే పీకేస్తే ఒకటిన్నర. ఒకటి దాటిందంటే జబ్బు పెరుగుతూనే ఉంటుంది.

మామయ్యే కరెక్టు. కనబడినవి ఎంత చురుగ్గా పీకినా ఆగదు.

పెన్ను పక్కన పెట్టేశాను. మళ్లీ తీశాను. పీకడం మానేసి తెల్లదోమను సగానికి తగ్గిస్తే? 12 కాస్తా 6, అదీ చాలదు. రెండూ చేస్తే ముప్పావు, ఒకటికి కింద! అంటే పీకాల్సిందే, దోమను తగ్గించాల్సిందే. పసుపు జిగురు అట్టలు కట్టాలి, గట్ల మీద కలుపు తీయాలి. వచ్చే ఏడు నారుమడికి నెట్ వేసి, తోట చుట్టూ జొన్న రెండు మూడు వరుసలు పెట్టాలి.

కానీ ఈ లెక్కంతా మన తోట చుట్టూ గోడ ఉందనుకుని కట్టింది. అవతల పత్తి చేను ఉంది, అందులోనూ తెల్లదోమే. ఇటు పెద్దమామ తోట. బయటి నుంచి వచ్చే దోమకు నా ముప్పావులో చోటే లేదు. ఆ కుప్ప మీద అంత కోపమెందుకొచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది.

కాలేజీకి పోయే ముందు పెద్దమామకు ఫోన్ చేస్తాను. బస్తాలు మేమే తెస్తాం, రెండు తోటలూ ఒకే రోజు పీకిద్దాం అని అడుగుతాను. ఏమంటారో. మా ఆయన లేవగానే ఖాళీ యూరియా బస్తాలు ఎన్నున్నాయో చూడమనాలి.