ఖాళీ గిన్నె

రాత్రి పదకొండున్నర అయింది, నిద్ర రావడం లేదు. రెండు విషయాలు పీకుతున్నాయి. ఒకటి ఆఫీసుది, ఒకటి వంటింటిది. వంటింటిది చిన్నదే. పొద్దున ఈయన మూడో అంతస్తు వాళ్ళ స్టీలు గిన్నె కడిగి, తుడిచి, ఖాళీగా ఇచ్చేసి వచ్చారు. "నీకో పని తగ్గింది" అని సంతోషంగా చెప్పారు కూడా. నేనేమీ అనలేదు. అప్పటికే ఎనిమిదిన్నర, రుషికొండ ఆఫీసుకి వెళ్ళాలి.

ఆఫీసులో ఆ పాత అప్లికేషన్ విడగొట్టడం మొత్తానికి అయింది. బిల్లింగ్ ఒక ఇయర్ ఫైలు, అంటే ఒక జావా అప్లికేషన్ మొత్తాన్ని కట్టిన మూట. ఛార్జీల లెక్క ఇంకో ఇయర్ ఫైలు. రెండూ ఒకే సర్వర్ మీద, ఒకే జేవీఎంలో (జావా కోడుని నడిపే ప్రోగ్రాం) పక్కపక్కనే నడుస్తాయి. సోమవారం కొత్త సర్వర్ మీద పెట్టాం. ఈరోజు పదింటికి ఫోన్: బిల్లుల్లో లేట్ ఫీజు పడటం లేదట. ప్రోగ్రాం రాసుకునే చిట్టా, లాగ్, తెరిస్తే ఎర్రర్ ఒక్కటి లేదు. ఎర్రర్ వస్తే నాకు అంత భయం ఉండదు, ఏదో ఒక చివర పట్టుకుని లాగొచ్చు.

ముందు పేరు మీదే అనుమానం. పోయిన నెల అక్కడే దెబ్బ తిన్నాం కదా. జేఎన్‌డీఐ పేరంటే సర్వర్‌లో బీన్‌ని వెతికే చిరునామా, బీన్ అంటే సర్వర్ నడిపే కోడు ముక్క. ఆ పేరులో అప్లికేషన్ పేరు, మాడ్యూల్ పేరు, బీన్ పేరు వరసగా ఉంటాయి. మాడ్యూల్‌కి మనం పేరు పెట్టకపోతే సర్వర్ ఆ మాడ్యూల్ కోడు కట్టిన జార్ ఫైలు పేరే తీసుకుంటుంది. ఫైలు పేరు చివర 2.4 పోయి 2.5 వచ్చేసరికి బీన్ దొరకలేదు. ఈజేబీ-జార్ ఎక్స్ఎంఎల్‌లో (ఆ మాడ్యూల్ సెట్టింగుల ఫైలు) మాడ్యూల్ పేరు స్థిరంగా రాశాక కుదుటపడింది. అయినా ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. 2009లో ఈ బీన్ల ప్రమాణం, ఈజేబీ 3.1, వచ్చి 'జావా కోలన్ గ్లోబల్' పేర్లు అందరికీ ఒకేలా చేసింది. అంతకుముందు ఏ సర్వర్ పేర్లు ఆ సర్వర్‌వి.

పేరు సరిగానే ఉంది. అప్పుడు ఛార్జీలు లెక్కకట్టే మెథడ్ (కోడులో ఒక పని చేసే భాగం) లోపల ఒక లాగ్ లైను, దాన్ని పిలిచిన చోట ఒక లాగ్ లైను, లిస్టులో ఎన్ని ఛార్జీలున్నాయో చూపేలా పెట్టి ఒక కస్టమర్ బిల్లు నడిపించాను.

లోపల: 14.
బయటికి వచ్చాక: 0.

ఆ సున్నాని ఎంతసేపు చూశానో. మేం ఖాళీ లిస్టు ఇస్తాం, అవతలి బీన్ అందులో ఛార్జీలు నింపుతుంది, ఏమీ రిటర్న్ చేయదు. ఇన్నేళ్ళూ ఇలాగే నడిచింది, ఎందుకంటే అంతా ఒకే ఇయర్‌లో ఉంది, లోకల్ ఇంటర్‌ఫేస్, అంటే ఒకే అప్లికేషన్ లోపలి పిలుపు, ఇద్దరి చేతిలోనూ అదే లిస్టు. ఇప్పుడు అది వేరే అప్లికేషన్‌ని పిలిచే రిమోట్ కాల్. రిమోట్‌లో మనం ఇచ్చింది కాపీ అయి వెళ్తుంది. వాళ్ళు కాపీలో పద్నాలుగూ పొందిగ్గా నింపారు, కాల్ అయిపోయింది, కాపీ పోయింది. మా లిస్టు మా దగ్గర ఖాళీగానే ఉంది.

మరి టెస్ట్ సర్వర్‌లో వారం రోజులు ఎలా పనిచేసింది? ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ఒకే జేవీఎంలో రిమోట్ కాల్ అయితే కాపీ చేయకుండా అదే వస్తువును ఇచ్చేయమని ఒక సెట్టింగ్ ఉంటుంది. వేగం కోసం ఎవరో అక్కడ అది పెట్టారు. ఇద్దరూ వాడే క్లాసులున్న ఏపీఐ జార్‌ని రెండు ఇయర్లూ సర్వర్‌లో ఒకే చోట నుంచి తీసుకుంటున్నాయి కాబట్టి క్లాసుల పేచీ రాలేదు, తప్పు బయటపడలేదు. అవతలి టీమ్ అబ్బాయిని అడిగితే "అది ఎప్పటినుంచో ఉంది మేడమ్" అన్నాడు. ఎప్పటినుంచో ఉంటే ఒక్క ముక్క ఎక్కడా రాయలేదేం? నాలుగు కుర్చీల అవతల కూర్చుంటాడు. లేచి వచ్చి స్క్రీన్ చూడమంటే టికెట్ వేయమన్నాడు. వేశాను. ప్రయారిటీ తప్పు పెట్టానని వెనక్కి పంపాడు. మళ్ళీ వేశాను. ఒంటిగంటకి జవాబు: కొత్త సర్వర్‌లోనూ ఆ సెట్టింగ్ పెట్టేయండి, ఒక్క లైను. రేపు ఆ ఇయర్‌ని వేరే మెషీన్‌కి మారిస్తే మళ్ళీ ఇదే గొడవ కదా అంటే దానికి జవాబు లేదు. మా టీమ్ గుంటడు మాత్రం పాపం సాయం చేయబోయాడు. "ఒకే సర్వర్ కదా అక్కా, మళ్ళీ లోకల్ పెట్టేద్దాం" అన్నాడు. లోకల్‌కి భరోసా ఒకే అప్లికేషన్ లోపల వరకే. వేరే ఇయర్‌కి క్లాసుల్ని తెచ్చిపెట్టే క్లాస్‌లోడర్ వేరే. అదే ఇంటర్‌ఫేస్ రెండు చోట్లా విడివిడిగా ఉంటే, ఫలానా క్లాసుని ఫలానా క్లాసుగా మార్చలేనంటుంది జావా, రెండు వైపులా ఒకే పేరు చూపించి. కూర్చోబెట్టి చెప్పాను, విన్నాడు.

సాయంత్రం బీచ్ రోడ్డులో జోడుగుళ్ళపాలెం దాటుతుంటే అమ్మ గుర్తొచ్చింది. ఉక్కునగరం క్వార్టర్స్‌లో మా పక్కింట్లో ఒడియా వాళ్ళుండేవారు. ఆవిడని మౌసీ అనేవాళ్ళం. రెండిళ్ళలోనూ గాజువాకలో ఒకే కొట్లో కొన్న గిన్నెలే, అదే సైజు. ఏది ఎవరిదో తేల్చాలంటే బోర్లించి, అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు చదవాలి. గోడ మీదుగా అమ్మ పప్పుచారు ఇస్తే, రెండ్రోజుల తర్వాత అదే గిన్నెలో ఏదో ఒకటి వచ్చేది. సంక్రాంతి దగ్గరపడితే అరిసె పిఠా. వాళ్ళూ అరిసె అంటారని తెలిసి నేనూ తమ్ముడూ ఎంత ఆశ్చర్యపోయామో! ఇంట్లో ఏమీ లేని నెలాఖరులో గిన్నె అడుగున గుప్పెడు పంచదార ఉండేది. ఒకసారి వాళ్ళ గిన్నె ఊరికే ఇచ్చి రాబోతుంటే అమ్మ గుమ్మం దగ్గర ఆపేసింది. "ఒట్టి గిన్ని పంపితే ఏటనుకుంటారే?" అని పెరట్లోకి వెళ్ళి రెండు రెబ్బలు కరివేపాకు కోసి వేసింది. ఆ కరివేపాకు తడి ఇప్పటికీ వేళ్ళకి తెలుస్తోంది.

అక్కడే ఆలోచన తిరగబడింది. ఆ మెథడ్ ఎవరు రాశారో మధ్యాహ్నమే చూశాను, మనసు ఒప్పుకోక పక్కన పెట్టాను. 2016లో నేనే రాశాను. దారిలో సగం దూరం ఆ కాపీని తిట్టుకుంటూనే వచ్చాను గానీ, ఇప్పుడు అలా అనిపించడం లేదు. కాపీ చేయబట్టే పక్కింటి బీన్ మన వస్తువుని మనకి తెలియకుండా మార్చలేదు. మౌసీ మా వంటింట్లోకి వచ్చి మా గిన్నెల్లో ఏమీ వేయలేదు కదా, తన ఇంట్లో నింపి పంపేది. ఆ మెథడ్ కూడా లిస్టుని తనే తయారుచేసి రిటర్న్ చేయాల్సింది. ఆఫీసులో నాలుగింటికే అలాగే మార్చాను. లిస్టులో ఒక క్లాసు సీరియలైజబుల్ కాదని, అంటే కాపీగా పంపడానికి వీల్లేదని, అడ్డం తిరిగింది, అదీ సరిచేశాను. ఆరింటికి రెండు లైన్లలోనూ 14 పడింది. ఆ అబ్బాయి మీద కోపం మాత్రం తగ్గలేదు. టికెట్ ఇంకా తెరిచే ఉంచాడు.

ఈయన మీద కూడా లేదని చెప్పలేను, కానీ ఆయనకి ఎవరు చెప్పారని? వాళ్ళింట్లో ఈ అలవాటు లేదు. పొద్దున పులిహోర చేసి మూడో అంతస్తుకి పంపాలి. వాళ్ళ గిన్నె వాళ్ళింటికి చేరిపోయింది కాబట్టి మాదే పంపాలి, అమ్మ పేరున్నది. చింతపండు నానబెట్టి వచ్చాను.