సాంబారు నురగ కట్టకముందే ఫోన్ చెయ్యాలి

శ్రావణంలో మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ అయింది. 300 మందికి వంట చెప్పాం, సాయంత్రం నుంచి ఒకటే వాన, వచ్చినవాళ్ళు 200 కూడా లేరు. రాత్రి పదిన్నరకి వంటల వైపు వెళ్ళి చూస్తే మూత తీయని అన్నం డేగిసా, సగం గంగాళం సాంబారు, పులిహోర, లడ్డూలు. గుండె గుభేలుమంది.

"పారేయొద్దు, ఎవరికైనా ఇద్దాం" అని అందరూ అన్నవాళ్ళే. ఎవరికి, దేంట్లో పోసి ఇవ్వాలో మాత్రం ఒక్కరికీ తెలీదు. మా అన్నయ్య నంబరు వెతికి ఒక వాలంటీర్ల గ్రూపుకి ఫోన్ చేస్తే, అటువైపు అబ్బాయి అడిగిన మొదటి మాట: "వంట ఎన్నింటికి దించారండీ?" తర్వాత, బంతిలో వడ్డించగా మిగిలిందా లేక గరిటె పెట్టనిదా, గిన్నెలు మీరే ఇస్తారా. మొదటిదానికే మా దగ్గర జవాబు లేదు. వంటమాస్టర్ని అడిగితే సాంబారు నాలుగింటికే దించేశానన్నాడు, పైగా తెల్లారి ఇంకో పెళ్ళి ఉంది, తన గిన్నెలు తనకి కావాలన్నాడు. బకెట్ల కోసం తిరిగి తిరిగి, వ్యాన్ వచ్చేసరికి పన్నెండున్నర.

ఆ అబ్బాయి సాంబారు మూత తీసి, అంచు చుట్టూ సన్నగా కట్టిన నురగ చూపించి, "ఇది వద్దు ఆంటీ" అని మూత పెట్టేశాడు. నిజం చెప్తున్నా, నాకు కోపమొచ్చింది. ఊరికే ఇస్తుంటే వంకలేంటి అనిపించింది. ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉన్న అన్నం, పులిహోర, లడ్డూలు మాత్రం తీసుకెళ్ళాడు.

ఆ వేడిలోనే ఉందట కిటుకంతా. వండింది 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి, ఆ మధ్యలో గంటలకొద్దీ ఉంటే క్రిములు పెరుగుతాయి. అన్నంలో పుట్టే ఒక రకం విషమైతే మళ్ళీ వేడి చేసినా పోదు. ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీద పడుకున్న రోగి తాలూకు మనుషులకి ఆ సాంబారు పోసి ఉంటే? మిగులు ఆహారం పంచడానికి, దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు పెట్టింది ఊరికే కాదు.

అన్నట్టు, ఫంక్షన్ హాళ్ళని తిట్టడం తేలికే గానీ, 2022లో ప్రపంచమంతా పారేసిన 105 కోట్ల టన్నుల ఆహారంలో 60 శాతం ఇళ్ళల్లోంచే పోయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క. నా ఫ్రిజ్‌లో వెనకవరసలో ఉండే డబ్బాల గురించి ఇక్కడ మాట్లాడను.

వినాయకచవితికి మా అపార్ట్‌మెంట్ అన్నదానంలో ముందురోజే అదే అబ్బాయికి ఫోన్ చేసి పెట్టా. వడ్డన మొదలవకముందే రెండు బకెట్లు పక్కన తీసి, మూత మీద దించిన టైము రాశాం. కొబ్బరిచట్నీ కొంచెం కొంచెంగా రుబ్బించాం, అది ముందు పాడయ్యేది కాబట్టి. మధ్యాహ్నం రెండు గంటలకి ఒకాయన, "మిగిలిందేదో వాచ్‌మన్‌కి ఇచ్చేస్తే పోలా" అన్నాడు. వాచ్‌మన్ భార్య అక్కడే ఉంది. "మేం మొదటి బంతిలోనే తిన్నాం కదా సార్" అంది. ఆయన ఇంక మాట్లాడలేదు.

రెండున్నరకల్లా బండి వెళ్ళిపోయింది. ఈసారి గిన్నెలు నావే. ఒక స్టీలు బకెట్ ఇంకా తిరిగి రాలేదు.