ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటారు?

బరువు తగ్గే ఆపరేషన్ కోసం వెళ్తే డాక్టరు గారు నన్ను మొదట అడిగింది ఇదే. అప్పుడు నా బరువు 118 కిలోలు, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 43. షుగర్ వచ్చి ఆరేళ్లు. "మూడండీ, పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నుకొస్తుంది" అన్నాను.

నేనైతే స్లీవ్ చేయించుకుందామని మనసులో ఖాయం చేసుకునే వెళ్లాను. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం తీసేసి, మిగిలింది సన్నటి గొట్టంలా ఉంచుతారు. పేగుల జోలికి వెళ్లరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే కాబట్టి ఆకలీ తగ్గుతుంది. చదివినంతలో నాకు అదే తేలికనిపించింది.

ఆయన కాగితం మీద బొమ్మ గీశారు. గొట్టంలా అయ్యాక లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఉన్న ఎసిడిటీ ఇంకా ముదరొచ్చు అన్నారు. ఎండోస్కోపీలో అన్నవాహిక అడుగున పుండ్లు కనిపించాయి. దాంతో స్లీవ్ కాదు, గ్యాస్ట్రిక్ బైపాస్ అని తేలింది. జీర్ణాశయం పైభాగంలో ఓ 30 మిల్లీలీటర్లు పట్టే సంచి చేసి, దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. పులుపు పైకి రావడం తగ్గుతుంది, షుగర్‌కూ మంచిది. కానీ బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి. మోకాళ్ల నొప్పికి నేను రోజూ మింగే ఐబుప్రోఫెన్ లాంటివి పూర్తిగా మానేయాలి. అతికించిన చోట పుండ్లు పడతాయట. జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే బ్యాండ్ గురించి కూడా అడిగాను. ఇప్పుడు చాలా తక్కువగా వేస్తున్నారన్నారు.

"నోరు కట్టుకోలేక కోయించుకుంటోంది" అని దగ్గరివాళ్లే అన్నారు. ఆ మాటకు భయపడి రెండేళ్లు వాయిదా వేశాను. ఆ రెండేళ్లలో షుగర్ మాత్రలు రెండు నుంచి నాలుగయ్యాయి. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఆపరేషన్ అయ్యాక మొదటి రోజులు దగ్గు మందు సీసా మీద ఉండే చిన్న ప్లాస్టిక్ మూతతో నీళ్లు తాగాను. ఒక్క మూత నీళ్లకు పావుగంట. కాస్త తొందరపడితే చాలు, రొమ్ము మధ్యలో బిగపట్టేసేది. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చింది. చాలామందికి ఇలా అవుతుందని ముందే చెప్పారు కానీ చేతిలో చూసుకుంటే ఏడుపొచ్చింది. మెల్లగా మళ్లీ మొలిచింది.

పద్నాలుగు నెలలైంది. 79 కిలోలున్నాను. షుగర్ మాత్రల్లో ఒక్కటే మిగిలింది. రాత్రిళ్లు నిద్ర పడుతోంది. పోయినసారి రక్తపరీక్షలో ఐరన్ తక్కువ వచ్చిందని డోసు పెంచారు, వచ్చే వారం మళ్లీ చూస్తారు.